మీకు తెలుసా? యాపిల్ కాయని నేలలో యాపిల్ కథలు

ఏదెను తోటలో యాపిల్ లేదు

ఆదాము, అవ్వ తిన్న పండు ఏది అని ఎవరినడిగినా యాపిల్ అనే చెబుతారు. ఆదికాండం తీసి చూడండి, ఆ పండుకు పేరే లేదు. మంచిచెడ్డల తెలివినిచ్చే చెట్టు ఫలం అని ఉంది, అంతే. ఖురాన్‌లోనూ చెట్టు పేరు చెప్పలేదు. పాతకాలపు యూదు పండితులు ఈ విషయం మీద తెగ వాదించుకున్నారు. ద్రాక్ష అని ఒకరు, అంజూర అని ఇంకొకరు, కాదు గోధుమ అని మరొకరు. పండు తిన్న వెంటనే ఆ ఇద్దరూ అంజూరపు ఆకులు కుట్టి కట్టుకున్నారని అదే అధ్యాయంలో ఉంది కాబట్టి అంజూర పక్షానికి కాస్త బలం ఎక్కువ. రోములో సిస్టీన్ చాపెల్ కప్పు మీద మైకెలాంజెలో గీసింది కూడా అంజూర చెట్టే. ఇంచుమించు అదే కాలంలో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ మాత్రం తన బొమ్మలో యాపిల్ పెట్టాడు. ఉత్తరాది యూరప్ పెరళ్లలో కాసేది అదే మరి. చివరికి ఆ బొమ్మలదే పైచేయి అయింది.

ప్రొటెస్టెంట్ మిషనరీలు ఈ కథను మన వైపు తెచ్చి దాదాపు రెండు వందల ఏళ్లు కావస్తోంది. లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరులో దిగింది 1842లో. ఒంగోలు బాప్తిస్టు మిషన్‌కు చెందిన జాన్ క్లౌ కాలంలో, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు నడుస్తున్న రోజులవి. ఆ జనంలో యాపిల్‌ను కళ్లారా చూసినవాళ్లు ఒక్కరున్నారన్నా నేను నమ్మను. మరి ఏదెను తోట కథ వింటుంటే వాళ్ల మనసులో ఏ చెట్టు మెదిలి ఉంటుంది? నా పందెం రేగుచెట్టు మీద. కాకపోతే మామిడి. ఇప్పటి పిల్లలకు ఆ తిప్పలు లేవు. సండే స్కూలు పుస్తకంలో ఎర్రటి యాపిల్ బొమ్మ అచ్చువేసి ఇస్తున్నారు.

శబరి ఎంగిలి వాల్మీకికి తెలియదు

మనవాళ్లు తక్కువేం తినలేదు. శబరి ఒక్కో రేగుపండూ కొరికి చూసి, తీయనివి మాత్రమే రాముడికి పెట్టిందని చిన్నప్పటినుంచీ వింటున్నాం. వాల్మీకి రామాయణంలో ఆ ముచ్చటే లేదు. పంపా తీరంలో తాను సేకరించి ఉంచిన రకరకాల అడవి పంటను శబరి రాముడికి సమర్పించింది, అంతవరకే. కొరకడం లేదు, ఎంగిలి లేదు, రేగు పేరూ లేదు. అవన్నీ తర్వాతి భక్తులు, కథలు చెప్పేవాళ్లు చేర్చినవి. ఎందుకు రేగే చేర్చారు? చెలక గట్టున, డొంక పక్కన, ఎవరూ నీళ్లు పోయకుండా కాసేది అదే. పైగా రేగుకో గుణముంది. ఒకే చెట్టు మీద ఒకటి తేనెలా ఉంటే పక్కది పుల్లగా, దాని పక్కది పుచ్చి ఉంటుంది. కొరికితే తప్ప తెలియదు. కథ కోసం వెతికి వెతికి ఎంచినట్టుంది గానీ, రేగుచెట్టు కిందికి వెళ్లిన ప్రతి పిల్లా చేసే పనే శబరికీ అంటగట్టారు. యాపిల్‌ను ఏదెనులో నాటిన చిత్రకారులు చేసిందీ ఇదే. పుస్తకం పేరు చెప్పకుండా వదిలేసిన చోట జనం తమ ఊరి పండును తెచ్చి పెట్టుకుంటారు.

భోగి నాడు సాయంత్రం పిల్లల నెత్తిన పోసేదీ ఈ పండ్లనే. వాటిలో చిల్లర నాణేలు, చెరకు ముక్కలు, పూల రెక్కలు కలుపుతారు. దిష్టి పోతుందని ఒక నమ్మకం, బదరీ నారాయణుడి ఆశీస్సు అని ఇంకొకటి. ఈమధ్య బజారులో యాపిల్ రేగు అని కోడిగుడ్డంత కాయలు అమ్ముతున్నారు. భోగికి అవి పనికిరావని నా అభిప్రాయం. పిల్లాడి మాడు పగులుతుంది.

గుంటూరులో యాపిల్ అంటే జ్వరం

యాపిల్ పుట్టిల్లు మధ్య ఆసియాలోని తియెన్‌షాన్ కొండలు. నేటి కజకిస్తాన్‌లో దాని అడవి పూర్వీకులు ఇంకా ఉన్నాయి. పాతకాలపు రకాలు చాలావాటికి చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి సుమారు వెయ్యి గంటలు తగిలితే తప్ప సరిగా పూత రాదు. రెంటచింతల ఎండకు పేరుపడిన పల్నాడులో ఆ వెయ్యి గంటలు ఎక్కడినుంచి తెస్తాం? హిమాచల్‌లో ఇప్పుడు కనబడే ఎర్ర యాపిల్ తోటలకు పునాది వేసింది శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్. 1916 ప్రాంతంలో కోట్‌గఢ్‌లో నాటాడు. తెలుగు నేల మీద కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో ఒక రైతు వేడిని తట్టుకునే రకం వేసి 2020లో కాయలు కోశాడు. పత్తి చేల మధ్య నుంచి గుంటూరు వాళ్లు ఆ వార్తను కాస్త ఆశగానే చదివి ఉంటారు.

నార్వే, ఐస్‌లాండ్ కథల్లో ఇదున్ అనే దేవత దగ్గరున్న యాపిళ్లు తింటే దేవుళ్లకు ముసలితనం రాదు. గ్రిమ్ సోదరుల స్నోవైట్ కథలో అదే పండు విషం. యూదుల కొత్త సంవత్సరానికి తేనెలో ముంచి తింటారు, ఏడాదంతా తీయగా ఉండాలని. ఇరానీయులు నౌరోజ్ పళ్లెంలో పెడతారు. ఇన్ని అర్థాలున్న పండు మన వైపుకొచ్చేసరికి ఆస్పత్రి పండు అయింది. చేతిలో యాపిళ్ల సంచీతో ఎవరైనా ఎదురొస్తే, ఎవరికి ఒంట్లో బాగాలేదు అని అడగబుద్ధవుతుంది.

తగవు పెట్టిన పండు, పెట్టని పండు

గ్రీకు పురాణాల్లో ఒక పెళ్లికి పిలవని పేరంటాలుగా వచ్చిన తగవుల దేవత ఎరిస్ బంగారు యాపిల్ ఒకటి విసిరింది. అందగత్తెలందరిలోకీ మిన్న అయినవారికి, అని దాని మీద రాసి ఉంది. ముగ్గురు దేవతలు కొట్టుకున్నారు, ట్రాయ్ రాకుమారుడు పారిస్ తీర్పు చెప్పాడు, ట్రాయ్ తగలబడింది. దీనికి దగ్గరి చుట్టం తమిళనాట పళని కథ. నారదుడు తెచ్చిన జ్ఞానఫలం కోసం అన్నదమ్ములకు పందెం పెట్టారు, తల్లిదండ్రుల చుట్టూ తిరిగిన వినాయకుడికి పండు దక్కింది, కుమారస్వామి అలిగి కొండెక్కాడు. ఆ పండును మామిడిగా చెబుతారు.

వినాయక చవితికి మన ఇళ్లలో చదివే వ్రత కథలోనూ ఈ పందెం ఉంది. పండు మాత్రం లేదు. మూడు లోకాల్లోని నదులన్నిటిలో ముందు ఎవరు మునిగొస్తారన్నదే పోటీ, గణాధిపత్యమే బహుమానం. తమిళుల కథలో పండు పోయిందని అలక, మన కథలో పదవి అన్నకే ఇమ్మని తమ్ముడే ఒప్పుకుంటాడు. ఇక్కడి రాజకీయాలు ఎరిగినవాళ్లకు ఇదే వింతగా కనపడుతుంది.

ఒక పండు, రెండు ముక్కలు

ఐస్‌లాండ్ వాళ్ల వోల్సుంగుల కథలో రాజు రెరిర్‌కు పిల్లలు లేరు. దేవుళ్లు ఒక యాపిల్ పంపితే వంశం నిలబడింది. మహాభారతం సభాపర్వంలో మగధ రాజు బృహద్రథుడికి చండకౌశిక ముని ఇచ్చింది మామిడిపండు. ఉన్నది ఒక్క పండు, రాణులేమో ఇద్దరు. చెరిసగం తిన్నారు. ఇద్దరికీ చెరో సగం బిడ్డ పుట్టింది. పారేసిన ఆ ముక్కలను జర అనే రాక్షసి కలిపితే జరాసంధుడయ్యాడు. సవతుల మధ్య పండు పంచేటప్పుడు పెద్దలు ఎందుకంత జాగ్రత్తపడేవారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ముసలితనం రాని పండూ మనకుంది. విక్రమార్కుడి కథలకు ముందుమాటలా వచ్చే భర్తృహరి వృత్తాంతంలో బ్రాహ్మణుడు రాజుకిస్తే, రాజు ప్రేమగా రాణికిచ్చాడు. రాణి తన ప్రియుడికిచ్చింది. వాడు తన వలపుకత్తెకిచ్చాడు. ఆవిడ, ఇంత మంచి పండు తినే అర్హత రాజుకే ఉందని తెచ్చి భర్తృహరి చేతిలోనే పెట్టింది. ఇదున్ పళ్లను దేవుళ్లు తిని బతికారు. మన పండు చేతులు మారి చుట్టూ తిరిగొచ్చి రాజును సన్యాసిని చేసింది. నన్నడిగితే రెండోదే మంచి కథ.

వెలగ సంగతులు

ఇంగ్లీషువాళ్లు వెలగపండును కొయ్య యాపిల్ అన్నారు. మన వైపు యాపిల్ అనిపించుకోగల పాత కాపుల్లో ఇదొకటి. రాష్ట్ర సచివాలయం 2016 నుంచి పనిచేస్తున్న వెలగపూడి పేరులోనూ వెలగ ఉంది. వినాయకుడి ధ్యాన శ్లోకంలో నేరేడుతో పాటు వెలగా ఆయన ఇష్టమైన తిండి. చవితికి పాలవెల్లికి కట్టే కాయల్లో వెలక్కాయ లేకపోతే పెద్దవాళ్లు ఊరుకోరు. మర్నాడు దాన్ని బండకేసి పగలగొట్టి, గుజ్జులో పచ్చిమిరపకాయలు వేసి నూరి, పెరుగు కలిపి పచ్చడి చేస్తారు. దేవుడి పేరు చెప్పుకుని మనం తినేవాటిలో ఇంత రుచైనది తక్కువ.

భాగవతంలో వెలగచెట్టు కృష్ణుడికి ఆయుధం. దూడ రూపంలో మందలో కలిసిన వత్సాసురుణ్ని వెనక కాళ్లు, తోక పట్టి గిరగిరా తిప్పి వెలగచెట్టు మీదికి విసిరాడు. రాక్షసుడితో పాటు కాయలూ రాలాయి. వెలక్కాయ గట్టితనం తెలిసినవాళ్లు ఆ కింద ఎవరున్నారా అని కంగారుపడతారు.

అసలు పేరు తెచ్చింది మాత్రం ఏనుగు. కరి మింగిన వెలగపండు అన్న మాట సుమతీ శతకం చదివిన ప్రతి తెలుగు పిల్లకీ తెలుసు. ఏనుగు మింగిన వెలగపండు పెంకు పగలకుండానే బయటికొస్తుందని, లోపల గుజ్జు మాత్రం మాయమవుతుందని పాత నమ్మకం. కరి అంటే ఇక్కడ ఏనుగు కాదు, గుజ్జు తినేసే పురుగు అని అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏదైనా సారాంశం ఒకటే. సిరి పోయేటప్పుడు చప్పుడు లేకుండా పోతుంది, పైకి అంతా అలాగే కనబడుతుంది. మిగతా లోకంలో పండు చేతికొస్తే వరం. వెలగ మాత్రం చేతిలో ఉండగానే ఖాళీ. మిరప ధర పడిపోయిన ఏడు, బస్తాలు కోల్డ్ స్టోరేజీలో భద్రంగానే ఉండి, వడ్డీ లోలోపల తినేస్తుంటే ఈ మాటకు ఇంకో వివరణ అక్కర్లేదు.

సొదొమ యాపిల్ అంటే మన జిల్లేడే

మృత సముద్రం ఒడ్డున, కాలిపోయిన సొదొమ పట్టణం దగ్గర, చూడ్డానికి పండులా ఉండి తుంచగానే పొగా బూడిదా అయిపోయే కాయలున్నాయని ఒకటో శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. వాటికి సొదొమ యాపిల్ అన్న పేరు స్థిరపడింది. అదేమిటా అని చూస్తే మన జిల్లేడు జాతిలోదే. ఉబ్బిన పచ్చకాయ, లోపల గాలి, పండి పగిలితే గాల్లో తేలే తెల్లని దూది. పత్తి పండే ఊళ్లో అలాంటి దూదిని చూసి శాపమని ఎవరనుకుంటారు? మనకు జిల్లేడు సూర్యుడి చెట్టు. రథసప్తమి నాడు దాని ఆకులు తలమీద, భుజాలమీద పెట్టుకుని స్నానం చేస్తారు. వినాయకుడి 21 పత్రుల్లో అదొకటి. మూడో పెళ్లి అచ్చిరాదని, ముందు జిల్లేడుకు తాళికట్టి ఆ లెక్క మూడోదిగా చూపించి, పిల్లను నాలుగోదిగా చేసుకునే ఆచారమూ ఉండేది. చెట్టుతో కట్నం మాట ఎత్తినట్టు ఎక్కడా వినలేదు.

ఉమ్మెత్తకు చుట్టం మిరప

ఇంగ్లీషులో ముళ్ల యాపిల్ అనిపించుకున్నది ఉమ్మెత్త. గింజలు విషం, శివుడికి మాత్రం ప్రీతి. 21 పత్రుల్లో దానికీ చోటుంది. వృక్షశాస్త్రం ప్రకారం ఉమ్మెత్త, వంకాయ, టమాటా, మిరప అన్నీ ఒకే కుటుంబం. యూరప్‌లో మొదట్లో టమాటాను ప్రేమ యాపిల్ అన్నారు. మిరప మటుకు ఎక్కడా యాపిల్ కాలేదు. దానికి ఆ హోదా ఇచ్చింది మనమే.

మిరపది అమెరికా. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగేనాటికి మనకు కారం అంటే ముఖ్యంగా మిరియాలే. పోర్చుగీసు ఓడల్లో మిరప వచ్చింది పదహారో శతాబ్దంలో. కాబట్టి వేదాల్లో, పురాణాల్లో, ఏ దేవుడి చేతిలో వెతికినా మిరపకాయ కనబడదు. అయినా ఇవాళ గుంటూరు, ప్రకాశం ఇళ్లలో పసిపిల్లకు దిష్టి తీయాలంటే చేతికి ముందు అందేది ఉప్పూ ఎండుమిరపకాయలే. కొత్త లారీకి, కొట్టు గుమ్మానికి నిమ్మకాయతో జతగా పచ్చిమిరప వేలాడుతుంది. అయిదు వందల ఏళ్ల వయసున్న పండు, వేల ఏళ్ల నాటి పనిలో చేరి పాతకాపులా కూర్చుంది. యాపిల్‌కు కూడా యూరప్ కథల్లో ఇంత తొందరగా కొలువు దొరికిందని చెప్పలేం.

దిష్టి తీసిన మిరపకాయలను పొయ్యిలో వేస్తారు. ఘాటు వచ్చి తుమ్ములొస్తే దిష్టి లేనట్టు, ఘాటు రాకపోతే గట్టిగా తగిలినట్టు. ఇతర జిల్లాల్లో ఈ లెక్క సరిపోతుందేమో. గుంటూరు మిరపకాయ కాలినా ఘాటు రాలేదంటే ముందు అనుమానించాల్సింది ఎదురింటివాళ్ల కళ్లను కాదు, అమ్మిన కొట్టువాణ్ని.