కట్టమైసమ్మ

'''కట్టమైసమ్మ''' తెలంగాణ ప్రాంతంలో చెరువుకట్టలను కాపాడుతుందని ప్రజలు విశ్వసించే గ్రామదేవత. కట్ట తెగితే దిగువనున్న పొలాలు, ఇళ్ళు ఒక్క రాత్రిలో కొట్టుకుపోతాయి. ఆ భయం వలననే అనేక చెరువుల కట్టలపైన, తూముల సమీపాన ఈమె గుడి కనిపిస్తుంది. గుడి అన్నది పెద్దమాటే. చాలాచోట్ల పసుపు కుంకుమలు పూసిన రాయి, పక్కన ఒక వేపచెట్టు మాత్రమే ఉంటాయి.

== ఆరాధన ==
ఆషాఢమాసంలో జరిగే బోనాల పండుగలో, కుండలో వండిన అన్నాన్ని వేపకొమ్మలతో అలంకరించి, పైన దీపం పెట్టి సమర్పిస్తారు. చెరువు నిండి మత్తడి దూకినపుడు మేకపోతును బలియిచ్చే ఆచారం కూడా ఉంది. జపానులోని షింటో మతంలో మహావృక్షాలకు, బండలకు గడ్డితాడు కట్టి, అవి ''కామి'' అనే దైవశక్తుల నెలవులని కొలుస్తారు. అయితే మైసమ్మ కొలువులో భక్తితో పాటు నీటిని గురించిన జాగ్రత్త కూడా ఇమిడి ఉన్నది.

== హైదరాబాదులో ==
కుతుబ్‌షాహీల కాలంలో 16వ శతాబ్దంలో నిర్మించిన హుస్సేన్‌సాగర్ కట్టకు దిగువన, లోయర్ ట్యాంక్‌బండ్ వద్ద కట్టమైసమ్మ ఆలయం ఉంది. అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ కూడా కట్టకు దిగువ వైపునే ఉన్నాయి. సాగర్ మిగులునీరు నాలా ద్వారా మూసీనదికి చేరుతుంది. 2000 ఆగస్టులో కురిసిన కుంభవృష్టికి సాగర్ పొంగగా, అశోక్‌నగర్ వంటి పల్లపు ప్రాంతాలు జలమయమయ్యాయి. కట్ట మాత్రం నిలిచింది.