క్యాంపింగ్‌కి రంపం కొంటున్నారా? ముందు ఏ కట్టె కోస్తారో చూసుకోండి!

నిరుడు అక్టోబర్‌లో సియాటెల్ నుంచి నలుగురం ఫ్రెండ్స్ ఒలింపిక్ నేషనల్ ఫారెస్ట్‌కి క్యాంపింగ్‌కి వెళ్లాం. మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. చీకటి పడేసరికి నా రూమ్మేట్‌కి వణుకు మొదలైంది. మంట వేద్దామంటే దొరికిన కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. లోపల పొడిగానే ఉంటుందని చదివాం. కానీ లోపలిదాకా వెళ్లాలంటే ముందు కోయాలి కదా!

నా బ్యాగులో ఉన్నది ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని కొన్న వైర్ రంపం. రెండు చివర్లా రింగులు, మధ్యలో గరుకు తీగ. మణికట్టంత కొమ్మ సగం కూడా తెగలేదు, తీగే పుటుక్కున తెగింది. ఆ రాత్రి కార్లో కూర్చుని, హీటర్ వేస్తూ ఆపుతూ గడిపాం. కారు పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది. అదే పది మైళ్లు లోపలికి నడిచి వెళ్లి ఉంటే? ఇంటికొచ్చాక రంపాల గురించి సీరియస్‌గా తెలుసుకున్నది అందుకే.

ఏ రకం దేనికి?

వైర్ రంపం జేబులో పడుతుంది, అంతే. తీగ వంపు తిరిగి కొమ్మలో ఇరుక్కుంటుంది, వేడెక్కుతుంది, తెగుతుంది. దాన్నే నమ్ముకుని వెళ్లకండి.

పాకెట్ చైన్‌సా అంటే రెండు పిడుల మధ్య సైకిల్ చైన్‌లాంటి పళ్ల గొలుసు. లావు దుంగల్ని కూడా కోస్తుంది. కానీ రెండు చేతులూ దానికే కావాలి కాబట్టి కట్టె కదలకుండా ఉండాలి. ఒక్కరే లాగితే భుజాలు పడిపోతాయి.

మడత రంపం చాకులా పిడిలోకి మడుచుకుంటుంది. బాకో లాప్‌ల్యాండర్‌కి 19 సెంటీమీటర్ల బ్లేడు, బరువు దాదాపు 200 గ్రాములు. జపాన్ కంపెనీ సిల్కీ చేసే గోమ్‌బాయ్‌లో 24 సెంటీమీటర్ల బ్లేడు మోడల్ బాగా పాపులర్.

విల్లులాంటి ఫ్రేమ్ ఉన్న మడత రంపాలూ ఉన్నాయి. అగావా బోరియల్‌లో 21 అంగుళాల బ్లేడు ఉంటుంది. బరువు అర కిలోకి కాస్త ఎక్కువ. మంచు కాలంలో రోజూ పెద్ద మంట వేసేవాళ్లకి, పడవలో సామాను తీసుకెళ్లేవాళ్లకి ఇది బెస్ట్.

మనలాంటి వీకెండ్ గ్యాంగ్‌కి మాత్రం మడత రంపమే సరైన ఛాయిస్.

కొనేటప్పుడు చూడాల్సినవి

పొడవు: బ్లేడు పొడవులో సగం మందమున్న కట్టెని హాయిగా కోయొచ్చు. అంటే 19 సెంటీమీటర్ల రంపంతో 9 సెంటీమీటర్ల కొమ్మ. వంట మంటకి మణికట్టు మందం చాలు, కాబట్టి ఇంకా పెద్దది మోయడం దండగ.

పళ్లు: పెద్ద పళ్లు పచ్చి కట్టెని, మెత్తటి కట్టెని త్వరగా కోస్తాయి. సన్న పళ్లు ఎండిన గట్టి కట్టెకి నయం. మంటకి కోసేది ఎండు కట్టెనే కాబట్టి మధ్యస్థంగా ఉన్నవి తీసుకోండి.

లాక్: బ్లేడు తెరిచినప్పుడే కాదు, మూసినప్పుడూ లాక్ పడాలి. బ్యాగులో తెరుచుకుంటే టెంటూ చిరుగుతుంది, చెయ్యీ తెగుతుంది.

కోసేటప్పుడు

ఈ రంపాలు చాలావరకు వెనక్కి లాగినప్పుడే కోస్తాయి. లాగేటప్పుడు బ్లేడు బిగుసుకుని నిటారుగా ఉంటుంది, అందుకే పల్చగా చేసినా పని చేస్తుంది. ముందుకి బలంగా నెడితే మాత్రం వంగుతుంది, విరగొచ్చు కూడా. ఇదే మాట ఫోన్లో నాన్నకి చెబితే, "ఒరేయ్, కోసేది పళ్లురా, నీ బలం కాదు" అని నవ్వారు.

గాయాలకి ఎక్కువ అవకాశం మొదటి రెండు మూడు లాగుళ్లలోనే. గాడి పడకముందు బ్లేడు ఎగిరి కట్టె పట్టుకున్న చేతి మీద పడుతుంది. ఆ చేతికి గ్లవ్ వేసుకుని, దూరంగా పెట్టండి. కట్టెకి రెండు వైపులా ఆధారం పెట్టి మధ్యలో కోస్తే అది కిందికి వంగి బ్లేడుని నొక్కేస్తుంది. అందుకే ఆధారం దాటి బయటికొచ్చిన భాగాన్ని కోయండి, తెగిన ముక్క దానంతటదే పడిపోతుంది.

వానలో అయితే అడుగు పొడవు ముక్కలు కోయండి. ముక్కని నిలబెట్టి, మడవని గట్టి కత్తిని దాని మీద పెట్టి, ఇంకో కర్రతో కొడితే చీలుతుంది. లోపలి పొడి పుల్లలతోనే మంట మొదలుపెట్టాలి. ఆ రోజు మాకు కావాల్సింది ఇదే!

రూల్స్ మర్చిపోకండి

అమెరికా నేషనల్ ఫారెస్టుల్లో సాధారణంగా చచ్చి కింద పడిన కట్టెని క్యాంపు మంటకి వాడుకోనిస్తారు. నిలబడి ఉన్న చెట్టు జోలికి వెళ్లొద్దు. నేషనల్ పార్కుల రూల్స్ వేరు, ఎండాకాలంలో మంటల మీదే నిషేధం ఉండొచ్చు. వెళ్లే ముందు రేంజర్ ఆఫీసుకి ఒక్క ఫోన్ కొట్టండి. విమానంలో వెళ్తే రంపం చెక్-ఇన్ లగేజీలోనే పెట్టాలి.

మన దగ్గర నల్లమలకో, పాపికొండలకో వెళ్తుంటే మాత్రం రంపం ఇంట్లోనే వదిలేయండి. అభయారణ్యాల్లో నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

చివరగా ఒక మాట. రంపం కొన్నాక నేరుగా అడవికి తీసుకెళ్లకండి. ఇంటి దగ్గరే ఒక ఎండు కొమ్మ కోసి చూడండి. నేను ఆ వైర్ రంపాన్ని ఒక్కసారైనా అలా చూసుంటే, మా వాడికి ఆ రాత్రి వణుకు తప్పేది.