మూత్రంలో మంట... మళ్లీ మళ్లీ ఎందుకు?

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నాలుగు మాత్రలతో రెండు రోజులు ఊరట. నెల తిరక్కుండానే మళ్లీ అదే మంట, బాత్రూమ్‌కు అదే పరుగు. మా ఓపీకి వచ్చే మహిళలు చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: ‘‘నేను శుభ్రంగానే ఉంటానండీ, అయినా నాకే ఎందుకు వస్తోంది?’’ ఆ అడగడంలో కొంత సిగ్గు, తప్పంతా తమదేనన్న బాధ ఉంటాయి. ఆ బాధ అక్కర్లేదు. చాలామందిలో ఇది శుభ్రత లోపం కాదు, సుఖవ్యాధి అంతకన్నా కాదు. ఈ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పట్టు అలాంటిది. ఆ పట్టు సంగతి తెలిస్తే మీరేం చేయాలో, ఏం చేయకూడదో తేలిగ్గా అర్థమవుతుంది.

వెంట్రుకలే ఆయుధాలు

మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో అత్యధిక శాతానికి కారణం ఈ-కొలై అనే బ్యాక్టీరియా. మామూలుగా ఇది మన పేగుల్లోనే ఉంటుంది. మహిళల్లో మూత్రమార్గం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. పైగా అది మలద్వారానికి దగ్గర. కాబట్టి ఈ-కొలై మూత్రాశయం దాకా పాకడం తేలిక. కానీ అక్కడికి చేరితే సరిపోదు. కొన్ని గంటలకోసారి మూత్రం ధారగా బయటికి పోతుంది కదా, ఆ ధారకు కొట్టుకుపోకుండా నిలవాలి.

అందుకు దానికి తోడ్పడేవే ఒంటినిండా ఉండే సన్నటి వెంట్రుకల్లాంటి పోగులు. వీటిని ‘పిలై’ అంటారు. ఒక్కోటీ మిల్లీమీటరులో లక్షో వంతు మందం కూడా ఉండదు. పొలం గట్టు మీద నడిచి వస్తే చీర అంచుకు ఉత్తరేణి గింజలు ఎలా అతుక్కుంటాయో చూసే ఉంటారు. ఇదీ అంతే. పోగు చివర ‘ఫిమ్-హెచ్’ అనే ప్రొటీన్ ఉంటుంది. మూత్రాశయం లోపలి పొర మీద మానోజ్ అనే చక్కెర అణువులుంటాయి. ఆ ప్రొటీన్ వాటిని పట్టుకుంటుంది.

ఇక్కడో విచిత్రం ఉంది. ధార బలంగా లాగినప్పుడు ఈ పట్టు సడలకపోగా మరింత బిగుస్తుంది, లాగేకొద్దీ బిగిసే ఉచ్చుముడిలా. పోగు కూడా స్ప్రింగులా చుట్టలు విప్పుకొని సాగి, ఆ లాగుడును ఓర్చుకుంటుంది. ధార ఆగాక పట్టు కాస్త వదులై, బ్యాక్టీరియా పక్కకు జరుగుతుంది.

స్విచ్ వేస్తుంది, ఆపేస్తుంది

పిలై ఎప్పుడూ పైకే ఉంటే బ్యాక్టీరియాకే నష్టం. వాటి తయారీకి శక్తి ఖర్చవుతుంది, మన రక్షణ కణాలూ తేలిగ్గా గుర్తుపడతాయి. అందుకే దాని డీఎన్‌ఏలో ఒక చిన్న ముక్క స్విచ్‌లా పనిచేస్తుంది. అది ఒక వైపు తిరిగి ఉంటే పిలై పుడతాయి, తిరగబడితే ఆగిపోతాయి. ఒకే గుంపులో కొన్నింటికి పిలై ఉంటాయి, కొన్నింటికి ఉండవు. అతుక్కునేవి అతుక్కుంటాయి, మిగతావి ఈదుకుంటూ కొత్త చోటు వెతుక్కుంటాయి.

అతుక్కున్న వాటిలో కొన్ని మూత్రాశయ కణాల లోపలికి దూరి గుంపులు కడతాయి. ఈ సంగతిని ఎలుకల్లోనే కాదు, ఇన్ఫెక్షన్ వచ్చిన మహిళల మూత్రంలో రాలిపడిన కణాల్లోనూ గుర్తించారు. ఇక కొన్ని రకాల ఈ-కొలైకి ‘పి’ రకం పిలై కూడా ఉంటాయి. అవి కిడ్నీ కణాల మీదుండే వేరే చక్కెరను పట్టుకుంటాయి. కిందనున్న ఇన్ఫెక్షన్ పైకి పాకి కిడ్నీలను దెబ్బతీయడంలో వీటి పాత్ర పెద్దది.

మరి నీళ్లు తాగి ఏం లాభం?

ధారకు పట్టు బిగుస్తుందంటే నీళ్లు దండగ అనుకోకండి. అతుక్కోని బ్యాక్టీరియా పెరిగేలోపే బయటికి పోవాలి. మన కిడ్నీలు తయారుచేసే యూరోమోడ్యులిన్ అనే ప్రొటీన్ మీదా మానోజ్ ఉంటుంది. పిలై మోసపోయి దానికి అతుక్కుని మూత్రంతోపాటు బయటపడతాయి. మూత్రాన్ని బిగబడితే ఈ రెండు పనులూ ఆగుతాయి. రోజుకు లీటరున్నర కంటే తక్కువ తాగుతూ, తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది మహిళలపై చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. అదనంగా లీటరున్నర తాగిన వారికి ఏడాదిలో సగటున 1.7 సార్లు, తాగని వారికి 3.2 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటొద్దు.

స్కూల్లో బాత్రూమ్ బాగాలేదని మీ అమ్మాయి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు ముట్టకుండా ఉంటోందేమో అడగండి. ఆఫీసుల్లో, బస్సు ప్రయాణాల్లో పెద్దవాళ్లు చేసేదీ అదే.

పిలైని మోసం చేయాలనే ఆలోచనతో మానోజ్ పొడి కూడా అమ్ముతున్నారు. బ్రిటన్‌లో సుమారు 600 మంది మహిళలపై చేసిన పరీక్షలో దానివల్ల ఇన్ఫెక్షన్లు తగ్గలేదని 2024లో తేలింది. క్రాన్‌బెర్రీ కొందరిలో మళ్లీ రాకుండా కొంత ఉపయోగపడొచ్చు గానీ, వచ్చిన ఇన్ఫెక్షన్‌కు అది మందు కాదు.

మందుల విషయంలో...

* ఎవరికో రాసిన చీటీతో యాంటీబయాటిక్ కొనొద్దు. మన దగ్గర చాలా ఈ-కొలై రకాలు మామూలు మందులకు లొంగడం లేదు. తరచూ వస్తుంటే ముందు యూరిన్ కల్చర్‌కు ఇచ్చి, తర్వాతే మందు మొదలుపెట్టాలి. మొదట వచ్చే మూత్రం వదిలేసి, మధ్యలో వచ్చేది సీసాలో పట్టండి.

* కోర్సు అందరికీ ఒకేలా ఉండదు. కొన్ని మందులు మూడు రోజులు, కొన్ని ఐదు రోజులు చాలు. కిడ్నీకి పాకితే ఇంకా ఎక్కువ. ఎన్ని రోజులన్నది డాక్టరు చెప్పాలి. మంట తగ్గిందని మధ్యలో మానేయొద్దు.

* బాధ ఏమీ లేకుండా, హెల్త్ చెకప్ రిపోర్టులో ‘పస్ సెల్స్’ కనిపించాయని మందు వాడక్కర్లేదు. గర్భిణుల సంగతి వేరు. వారికి లక్షణాలు లేకపోయినా మూత్రంలో బ్యాక్టీరియా ఉంటే చికిత్స తప్పనిసరి.

* షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోండి. నెలసరి ఆగిపోయాక తరచూ వస్తుంటే, యోనిలో రాసే ఈస్ట్రోజన్ క్రీము గురించి డాక్టరును అడగండి. కలయిక తర్వాత మూత్రానికి వెళ్లే అలవాటు మంచిది.

ఎప్పుడు ఆగకూడదు?

చలితో జ్వరం, నడుముకు ఓ పక్క నొప్పి, వాంతులు ఉంటే కిడ్నీకి పాకిందేమోనని అనుమానించాలి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. మూత్రంలో రక్తం కనిపించినా, గర్భిణులకు, మగవారికి, చిన్న పిల్లలకు ఈ లక్షణాలు వచ్చినా సొంత వైద్యం వద్దు. వృద్ధుల్లో జ్వరంతోపాటు మగత, తికమక కనిపిస్తే మరీ తొందరపడాలి.

అన్నిటికీ మించి, ఇంట్లో ఈ మాట మాట్లాడుకోవడం మొదలుపెట్టండి. సిగ్గుతో దాచుకున్న మంటే నెలల తరబడి ముదిరి, చివరికి కిడ్నీ దాకా వెళ్తుంది.