ఇంట్లో ఆటలమ్మ వస్తే – భయం వద్దు, ఆలస్యమూ వద్దు

సంక్రాంతి వెళ్ళి ఎండలు మొదలయ్యే రోజుల నుండి ఆటలమ్మ ఎక్కువగా కనిపిస్తుంది. పిల్లల పరీక్షలు కూడా సరిగ్గా అప్పుడే. మల్కాజ్‌గిరి, లాలాగూడ, మౌలాలి, తార్నాక ప్రాంతాలలో ఒకే ఆవరణలో రెండు మూడు కుటుంబాలు కాపురముండే ఇళ్ళు ఎక్కువ. ఉస్మానియా యూనివర్సిటీ చుట్టుపక్కల ఒకే గదిలో నలుగురైదుగురు ఉండి చదువుకునే విద్యార్థులూ ఎక్కువే. ఇలాంటి చోట ఒకరికి వస్తే మిగతావారికి అంటుకోవటం ఎంతో తేలిక. అందుకే ఈ జబ్బు గురించి రోగి ఒక్కరే కాదు, ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి.

ఆటలమ్మ అంటే ఏమిటి?

డాక్టర్లు దీనిని చికెన్ పాక్స్ అంటారు. మన ఇళ్ళల్లో "అమ్మవారు పోసింది", "తల్లి పోసింది" అంటారు. వారిసెల్లా జోస్టర్ అనే వైరస్ వల్ల ఇది వస్తుంది. మశూచి (పెద్దమ్మవారు) వేరు, ఇది వేరు. మశూచి మన దేశంలో 1975 తర్వాత లేదు. ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఒకప్పుడు మశూచికి మందు లేదు కాబట్టి పెద్దలు రోగిని ఒక గదిలో ఉంచి, ప్రార్థన చేసి, ఎదురు చూసేవారు. ఆటలమ్మకు ఇప్పుడు మందులున్నాయి, టీకా ఉంది. "అమ్మవారు పోస్తే మందు వేయకూడదు" అనే మాట పట్టుకుని కూర్చుంటే నష్టపోయేది రోగియే.

ఎలా అంటుకుంటుంది?

రోగి దగ్గినా, తుమ్మినా గాలి ద్వారా, పొక్కులలోని నీటిని తాకటం ద్వారా అంటుకుంటుంది. పొక్కులు కనిపించటానికి 1-2 రోజుల ముందు నుండే రోగి ఇతరులకు అంటించగలడు. చివరి పొక్కు కూడా పూర్తిగా ఎండి చెక్కు కట్టే వరకు ఆ ప్రమాదం ఉంటుంది. సాధారణంగా దీనికి 5 నుండి 7 రోజులు పడుతుంది. ఇంట్లో ఇంతకు ముందు ఆటలమ్మ రానివారు, టీకా వేయించుకోనివారు పదిమంది ఉంటే తొమ్మిది మంది వరకు అంటుకోవచ్చు. వైరస్ ఒంట్లో చేరిన 10 నుండి 21 రోజుల తర్వాత లక్షణాలు బయటపడతాయి. కాబట్టి పెద్దబిడ్డకు తగ్గిన రెండు వారాలకు చిన్నబిడ్డకు వస్తే ఆశ్చర్యపోనవసరం లేదు.

గుర్తించటం ఎలా?

మొదట ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్ళు నొప్పులు, నీరసం, ఆకలి లేకపోవటం ఉంటాయి. తర్వాత ముఖం, ఛాతీ, పొట్ట, వీపు మీద ఎర్రని దద్దుర్లు వచ్చి నీటి పొక్కులుగా మారతాయి. కొత్తవి విడతలు విడతలుగా వస్తాయి. అందుచేత ఒకే చోట ఎర్రని మచ్చ, నీటి పొక్కు, ఎండిన చెక్కు మూడూ కనిపిస్తాయి. ఆటలమ్మకు ఇదే ముఖ్యమైన గుర్తు. తట్టులో నీటి పొక్కులు ఉండవు. కళ్ళు ఎర్రబడటం, దగ్గు, జలుబు ఎక్కువగా ఉంటాయి. పొక్కులు అరచేతులు, అరికాళ్ళు, నోటిలో మాత్రమే ఉంటే అది వేరే జబ్బు కావచ్చు. అనుమానం ఉంటే డాక్టరుకు చూపించండి.

ఇంట్లో ఎలా చూసుకోవాలి?

• రోగిని గాలి, వెలుతురు వచ్చే గదిలో విడిగా ఉంచండి. ఇంతకు ముందు ఆటలమ్మ వచ్చి తగ్గినవారే దగ్గరుండి చూసుకోవటం మంచిది.
• జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. పిల్లలకు బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, 6 గంటలకొకసారి ఇవ్వాలి. రోజుకు 4 సార్లకు మించరాదు.
• ఆస్పిరిన్ పిల్లలకు ఎంతమాత్రం ఇవ్వరాదు. అది కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే ప్రమాదం ఉంది. ఐబుప్రొఫెన్ కూడా ఈ జబ్బులో వద్దు.
• దురదకు కాలమైన్ లోషన్ రాయండి. గోళ్ళు చిన్నగా కత్తిరించండి. పొక్కులను గిల్లితే చీము పడుతుంది, మచ్చ మిగులుతుంది.
• నీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, గంజి తరచుగా ఇవ్వండి. తల్లిపాలు త్రాగే బిడ్డకు పాలు మానిపించవద్దు.
• చెక్కులు కట్టే వరకు బడికి, కాలేజీకి, ఫంక్షన్లకు పంపవద్దు.

అందరూ అడిగే మూడు ప్రశ్నలు

స్నానం చేయించవచ్చా? చేయించాలి. తొమ్మిది రోజులు, పదకొండు రోజులు స్నానం లేకుండా ఉంచితే చెమట, మురికి చేరి పొక్కులు చీము పడతాయి. రోజూ గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించి, మెత్తని బట్టతో రుద్దకుండా అద్దండి.

వేపాకు వాడవచ్చా? గుమ్మానికి కట్టటం, పక్కన పరచటం వల్ల నష్టం లేదు. గుమ్మానికి వేపమండ చూసి ఇరుగుపొరుగు లోపలికి రాకుండా ఆగటం నిజానికి మేలే. కాని వేపాకు ముద్ద, పసుపు పుండ్ల మీద పట్టించటం, ఆకులతో గట్టిగా రుద్దటం చేయవద్దు. మందుకు బదులుగా వేపాకు పనిచేయదు.

పథ్యం పెట్టాలా? పెరుగన్నం ఒక్కటే పెట్టి నీరసపడేలా చేయవద్దు. పప్పు, కూరలు, పండ్లు, ఉడికించిన గుడ్డు పెట్టవచ్చు. నోట్లో పుండ్లు ఉంటే కారం, పులుపు తగ్గిస్తే చాలు.

ఎవరికి ప్రమాదం ఎక్కువ?

ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు సాధారణంగా తేలికగా తగ్గిపోతుంది. పెద్దవారిలో తీవ్రంగా వస్తుంది, న్యుమోనియాకు దారితీయవచ్చు. హాస్టల్లో ఉండే 20 ఏళ్ళ విద్యార్థి "చిన్నపిల్లల జబ్బే కదా" అని గదిలో ఒంటరిగా పడుకోవటం మంచిది కాదు. ఎసైక్లోవిర్ అనే మాత్ర పొక్కులు కనిపించిన 24 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. 12 ఏళ్ళు దాటినవారు, పెద్దవారు మొదటి రోజే డాక్టరును కలవాలి అనేది అందుకే. మందుల షాపులో అడిగి సొంతంగా వాడవద్దు. ముఖ్యంగా స్టెరాయిడ్ మాత్రలు, ఇంజక్షన్లు ఈ సమయంలో ప్రాణం మీదికి తెస్తాయి. ఉబ్బసానికో, కీళ్ళకో స్టెరాయిడ్లు ముందు నుండి వాడుతున్నవారు, కేన్సర్ చికిత్సలో ఉన్నవారు, కిడ్నీ మార్పిడి జరిగినవారు, హెచ్.ఐ.వి. ఉన్నవారు వెంటనే ఆసుపత్రికి రావాలి. వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలను మాత్రం డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపవద్దు.

ఇంట్లో గర్భిణీ స్త్రీ ఉంటే

ఈ విషయంలో చాలామంది ఆలస్యం చేస్తారు. మరిదికో, ఆడబిడ్డ పిల్లలకో ఆటలమ్మ వస్తే కోడలే వడ్డించి, బట్టలు ఉతుకుతూ ఉంటుంది. ఆమె గర్భవతి అయితే ముందుగా ఒక ప్రశ్న అడగండి: చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా? ఆమె పుట్టింటివారిని కూడా అడగండి. వచ్చి ఉంటే దాదాపుగా భయం లేదు. రాలేదన్నా, తెలియదన్నా ఆమెను రోగికి దూరంగా ఉంచి, అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. రక్తపరీక్షలో రక్షణ ఉందో లేదో తెలుస్తుంది. లేకపోతే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజక్షన్ ఇవ్వవచ్చు. రోగి దగ్గర మసలిన 10 రోజుల లోపే అది ఉపయోగపడుతుంది, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది.

గర్భం మొదటి సగంలో ఆటలమ్మ వస్తే బిడ్డకు లోపాలు కలిగే అవకాశం నూటికి ఇద్దరికి మించదు. కాబట్టి భయపడి గర్భం తీయించుకోవాలని తొందరపడవద్దు. డాక్టరు సలహాతో స్కానింగ్‌లు చేయించుకోండి. కాన్పుకు 5 రోజుల ముందు నుండి కాన్పయిన 2 రోజుల లోపు తల్లికి పొక్కులు వస్తే మాత్రం పుట్టిన బిడ్డకు చాలా ప్రమాదం. అలాంటప్పుడు కాన్పు పెద్ద ఆసుపత్రిలోనే జరగాలి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగవద్దు

ఊపిరాడకపోవటం, ఛాతీలో నొప్పి, విపరీతమైన దగ్గు, విడవకుండా వాంతులు, మగతగా ఉండటం, తూలి నడవటం, ఫిట్స్, మెడ బిగుసుకుపోవటం, పొక్కుల చుట్టూ ఎర్రగా వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం, 4 రోజులు దాటినా జ్వరం తగ్గకపోవటం, తగ్గిన జ్వరం మళ్ళీ రావటం, నీళ్ళు త్రాగలేకపోవటం, మూత్రం తగ్గిపోవటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రాత్రి అయినా సరే 108కి ఫోన్ చేయండి.

ఎక్కడికి తీసుకువెళ్ళాలి?

తేలికగా ఉంటే దగ్గరలోని బస్తీ దవాఖానా, పట్టణ ఆరోగ్య కేంద్రం, మీ కుటుంబ డాక్టరు చాలు. యూనివర్సిటీ విద్యార్థులు క్యాంపస్‌లోని హెల్త్ సెంటర్‌లో చూపించుకోవచ్చు. రైల్వే ఉద్యోగుల కుటుంబాలకు లాలాగూడ రైల్వే ఆసుపత్రి, ఆర్టీసీ వారికి తార్నాక ఆసుపత్రి ఉన్నాయి. చేర్చుకోవలసి వస్తే నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి ఇలాంటి అంటువ్యాధుల కోసమే ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. దానికి మలేరియా దోమల ద్వారా వస్తుందని సికింద్రాబాద్‌లో 1897లో కనుగొన్న సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. పాతవారు "కోరంటి దవాఖానా" అనేది దానినే. క్వారంటైన్ అనే మాటే వాడుకలో కోరంటి అయింది. గర్భిణీ స్త్రీలను, ఊపిరి అందనివారిని ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికి తీసుకువెళ్ళవచ్చు.

వచ్చేటప్పుడు రోగికి మాస్కు పెట్టండి. బస్సులో, షేర్ ఆటోలో తీసుకురావద్దు. రోగిని క్యూలో నిలబెట్టకుండా బయట విడిగా ఉంచి, ఒకరు లోపలికి వెళ్ళి "ఆటలమ్మ అనుమానం ఉంది" అని ముందే సిస్టరుకు చెప్పండి. అదే క్యూలో ఒక గర్భిణీ స్త్రీ, ఒక కేన్సర్ రోగి ఉండవచ్చు.

టీకా

ఆటలమ్మ టీకాను జపాన్‌కు చెందిన డాక్టర్ మిచియాకి తకహాషి 1974లో తయారు చేశారు. మన ప్రభుత్వ టీకాల పట్టికలో ఇది లేదు, డబ్బు పెట్టి వేయించుకోవాలి. రెండు డోసులు అవసరం. మొదటిది 15 నెలల వయసులో వేయిస్తారు, రెండవది ఎప్పుడో పిల్లల డాక్టరు చెబుతారు. ఆటలమ్మ రాని పెద్దవారు కూడా వేయించుకోవచ్చు. రోగి దగ్గర మసలిన 3 నుండి 5 రోజుల లోపు వేయించుకున్నా జబ్బు రాకుండా, లేదా తేలికగా వచ్చేలా చేస్తుంది. గర్భిణీ స్త్రీలకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఈ టీకా వేయరాదు. పెళ్ళయిన యువతులు టీకా వేయించుకున్నాక కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి.

ఆటలమ్మ ఎవరి తప్పు వల్లా రాదు, ఎవరి కోపం వల్లా రాదు. రోగిని విడిగా ఉంచండి, కాని ఒంటరిని చేయవద్దు. వేళకు మందు, కడుపునిండా తిండి, శుభ్రమైన స్నానం, ప్రమాదపు గుర్తుల మీద ఒక కన్ను – ఈ నాలుగూ ఉంటే ఎక్కువమంది రెండు వారాలలో లేచి తిరుగుతారు.