పనిచేయు చేతులు – గోళ్ళ సంరక్షణము

త్రిపురాంతకమునకు వచ్చు యాత్రికుడు కొండమీది త్రిపురాంతకేశ్వరుని దర్శించుటకు ముందును, దిగువ చెరువులోని బాలాత్రిపురసుందరి సన్నిధికి పోవుటకు ముందును కాళ్ళుచేతులు కడుగుకొనును. శ్రీశైలమునకు తూర్పు ద్వారముగా పేరొందిన ఈ క్షేత్రమున తీర్థము పుచ్చుకొనునది అరచేతితో, ప్రసాదము తినునది వ్రేళ్ళతో. అయితే పైపైన నీళ్ళు పోసుకొన్నంతలో గోటి సందు శుభ్రపడదు. గోటి కొనకును చర్మమునకును నడుమ నుండు ఆ ఇరుకు చోట మట్టియు, జిడ్డును, కంటికి కానరాని సూక్ష్మజీవులును నిలిచియుండును.

పట్టణములలో గోళ్ళు కత్తిరించి, నునుపుచేసి, రంగు వేయు దుకాణములు వెలసినవి. ఆ పనికి మానిక్యూర్ అని పేరు. లాటిన్ భాషలో మానుస్ అనగా చేయి, క్యూరా అనగా శ్రద్ధ. రంగు మాట యెట్లున్నను, ఆ శ్రద్ధ పట్టణపు వనితకన్న మార్కాపురపు పలకరాతి కూలికిని, మిరపకాయలు కోయు స్త్రీకిని ఎక్కువ అవసరమని మా అభిప్రాయము. వారికి చేయి నొచ్చిన నాడు కూలి లేదు.

గోరు కెరటిన్ అను గట్టి పదార్థముతో ఏర్పడినది. వెండ్రుకలోను, పశువుల కొమ్ములోను నుండునదియు నదియే. గోటి మొదట చర్మము క్రింద దాగియున్న భాగమే జీవము గలది. బయటికి వచ్చిన గోరు నిర్జీవము, కనుకనే కత్తిరించినను నొప్పి కలుగదు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. కాలి గోటి పెరుగుదల ఇంకను నెమ్మది. దీనిని కొలుచుటకు మన ఆడుబిడ్డలకు ఏ పరికరమును అక్కరలేదు. ఆషాఢమాసములో పెట్టుకొన్న గోరింటాకు గోటిలోని కెరటిన్‌ను పట్టుకొని వదలదు. గోరు పెరిగిన కొలది ఎఱుపు ముందుకు జరుగును. దసరా నాటికి అది గోటి కొననే మిగులును. చెట్టునుండి కోసి రుబ్బిన గోరింటాకు సాధారణముగా హాని చేయదు. అంగళ్ళలో దొరకు నల్ల గోరింట సంగతి వేరు. అందు కలుపు రసాయనపు రంగువలన కొందరికి చేతులు బొబ్బలెక్కును.

మార్కాపురము పలకలతో చదువు నేర్చిన తరము ఇప్పటికిని మనలో నున్నది. బడి పలక వాడుక తగ్గినను, ఇండ్ల గోడలకును నేలకును వాడు పలకరాయి పని ఇచ్చట సాగుచున్నది. రాతిపొడి చర్మములోని సహజమైన జిడ్డును పీల్చివేయును. చర్మము పొడిబారి పగుళ్ళు పట్టును. పని ముగిసిన పిమ్మట చేతులు కడిగి, తడి పూర్తిగా ఆరకమునుపే కొబ్బరి నూనెయో, వేరుసెనగ నూనెయో రాచుకొనినచో పగుళ్ళు తగ్గును. సుత్తి దెబ్బకు గోటి క్రింద రక్తము గడ్డకట్టి నల్లబడుట రాతిపనివారికి క్రొత్త గాదు. నొప్పి తాళలేనంతగా నున్నచో వైద్యుని చేత ఆ రక్తము తీయించుకొనవలెను. ఇంట సూది కాల్చి పొడుచుకొనుట ప్రమాదము. నొప్పి లేనిచో విడిచిపెట్టవచ్చును, గోరు పెరుగుటతో ఆ మచ్చ తొలగిపోవును. దెబ్బ తగులకయే ఒక్క గోట నల్లని చార క్రొత్తగా పుట్టి వెడల్పగుచున్న యెడల మాత్రము ఆలసింపక వైద్యునికి చూపవలెను.

ఈ రాతిపనిలో చిన్నపిల్లల చేతులు సైతము నలిగిన కాలము గలదు. 1988లో జాతీయ బాలకార్మిక పథకము దేశములో మొదట చేపట్టిన చోట్లలో మార్కాపురము ఒకటి.

మిరప చేలలో బాధ వేరు విధమైనది. కాయలు కోసి, తొడిమలు తీసిన స్త్రీలకు రాత్రి నిద్ర పట్టనంతగా చేతులు మండును. ఎన్నిమారులు నీళ్ళతో కడిగినను మంట పోదు. ఏలననగా మంట పుట్టించు కాప్సైసిన్ అను పదార్థము నీటిలో కరుగదు, నూనెలో కరుగును. కావున మొదట చేతులకును, గోటి సందులకును నూనె పట్టించి, పాత గుడ్డతో తుడిచివేసి, ఆ మీదట సబ్బుతో కడుగవలెను. వేడినీరు మంటను హెచ్చించును. ఆ చేతులతో కన్ను నలుపుకొనుట గాని, చంటిబిడ్డను ఎత్తుకొనుట గాని తగదు.

పురుగుమందు విషయములో రైతు సోదరులు చేయు సాహసము మమ్ము కలవరపెట్టుచున్నది. మందును వట్టి చేతితో కలుపుటకు మించిన తొందరపాటు లేదు. విషము నోటిగుండనే గాక చర్మముగుండను ఒంటబట్టును. పగిలిన చర్మములో మరింత త్వరగా ప్రవేశించును. పొడవైన కఱ్ఱతో కలుపవలెను. రబ్బరు చేతితొడుగులు ధరింపవలెను. నూలు తొడుగులు మందును పీల్చుకొని చేతికి అంటిపెట్టుకొని యుండును గనుక అవి లేకుండుటయే మేలు. తొడుగులను విప్పకమునుపే పైన కడిగి, పిదప తీసి, చేతులు సబ్బుతో కడిగిన తరువాతనే బీడీయైనను, అన్నమైనను ముట్టవలెను.

“త్రాగుటకే నీళ్ళు లేనప్పుడు చేతులు కడుగుమనుట సులభమే” అని ఈ మెట్ట ప్రాంతమువారు మమ్ము ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనది. కాని చేతులు కడుగుటకు బిందెడు నీరు అక్కరలేదు. సబ్బు ఉన్నచో చిన్న చెంబెడు చాలును. ఒక పాత ప్లాస్టిక్ డబ్బాకు అడుగున సన్నని రంధ్రము చేసి, పుల్లతో బిగించి, పెరటిలో వ్రేలాడదీసినచో సన్నని ధారతో ఇంటిల్లపాదియు కడుగుకొనవచ్చును. బోరు నీరు ఉప్పగా, చవుడుగా నున్న చోట సబ్బు నురుగు సరిగా రాదు. నురుగు తక్కువైనను 20 సెకండ్ల పాటు వ్రేళ్ళ నడుమను, గోళ్ళ కొనలను రుద్దినచో పని జరుగును. మట్టితో చేతులు తోముకొనుట మాత్రము మానవలెను. ఆ మట్టిలోనే ఏలికపాముల గ్రుడ్లు ఉండవచ్చును.

చేతుల శుభ్రత ఎంతటి ప్రాణరక్షకమో లోకమునకు తెలియవచ్చినది 1847లో. వియన్నా నగరపు ఆసుపత్రిలో శవపరీక్ష గదినుండి తిన్నగా కాన్పుల గదికి పోవు వైద్యుల చేతులే బాలింతలకు జ్వరము తెచ్చుచున్నవని సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు గ్రహించి, క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడుగ నిర్బంధించెను. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో నూటికి 18 మంది వంతున చనిపోయిన తల్లులు, జూన్ నాటికి నూటికి ఇద్దరి వంతున మాత్రమే చనిపోయిరి. నాటి పెద్ద వైద్యులు పెక్కుమంది ఆయనను నమ్మలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు లోకమంతయు మరల ఆ పాఠమునకే వచ్చినది.

పిల్లల గోళ్ళ సంగతి తల్లులు ప్రత్యేకముగా గమనింపవలెను. నులిపురుగులున్న బిడ్డ రాత్రివేళ దురదకు గోకుకొనును; గ్రుడ్లు గోటి సందున చేరును; ఆ వ్రేలు నోటబెట్టుకొనగనే అవి తిరిగి కడుపులోనికి పోవును. ఎన్ని మాత్రలు మ్రింగించినను గోళ్ళు పెరిగియున్నంత కాలము ఈ చక్రము తిరుగుచునే యుండును. ఫిబ్రవరి, ఆగస్టు మాసములలో బడులలోను, అంగన్‌వాడీలలోను ఇచ్చు ఆల్బెండజోల్ మాత్రతో పాటు వారమునకొకమారు గోళ్ళు కత్తిరించినప్పుడే పూర్తి ఫలము కలుగును. మంగళవారము, శుక్రవారము గోళ్ళు తీయరాదను పెద్దల మాటను కాదనుటకు మేము పూనుకొనము; తక్కిన ఐదు దినములున్నవి గదా.

స్నానమైన పిదప గోరు మెత్తబడును. తీయుటకు అది మంచి సమయము. చేతి గోటిని వ్రేలి వంపు ననుసరించియు, కాలి గోటిని అడ్డముగా తిన్నగాను కత్తిరింపవలెను. గోటి మొదట నుండు సన్నని చర్మపు అంచును కోయరాదు. పట్టణపు దుకాణములలో అందము కొఱకు దానిని కోయుట కలదు గాని, సూక్ష్మజీవులు లోపలికి పోకుండ కాచు తలుపు అదియే. క్షౌరకుని గోరుగల్లునైనను, ఇంటి బ్లేడునైనను ఒకరు వాడినది మరియొకరు వాడకమునుపు సబ్బుతో కడిగి, 20 నిమిషములు మరుగు నీటిలో నుంచవలెను. రక్తపు తడి ద్వారా హెపటైటిస్-బి వంటి కామెర్లు వ్యాపించును.

ఆ అంచు చీలిన చోటనే గోరుచుట్టు పుట్టును. ఎల్లపుడు నీటిలో, పేడలో, అంట్ల బూడిదలో చేతులు నానుచుండు గృహిణులకును, గోళ్ళు కొరుకు పిల్లలకును ఇది తరచు వచ్చును. వ్రేలికి నిమ్మకాయ తొడుగుట మన యిండ్లలో పరంపరగా వచ్చుచున్న వైద్యము. ఆ చల్లదనము కొంత ఉపశమనము నీయవచ్చును గాని, లోన చేరిన చీమును నిమ్మకాయ తీయజాలదు. పుల్లని రసము తెరపి పుండును మండించును. ఎఱుపును, వాపును కనబడిన తొలి దినముననే గోరువెచ్చని ఉప్పునీటిలో 15 నిమిషముల వంతున దినమునకు మూడు మారులు వ్రేలిని ఉంచి, తడి లేకుండ తుడిచినచో పెక్కుమారులు అంతటితో తగ్గిపోవును. చీము పట్టినచో ముల్లుతో పొడువక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో తీయించుకొని ధనుర్వాతపు సూది విషయము అడుగవలెను. ఎఱ్ఱని గీత చేతిపైకి ప్రాకినను, జ్వరము వచ్చినను మరునాటి వరకు ఆగరాదు. మధుమేహము గలవారు మొదటి దినముననే పోవలెను.

గోటిని చూచి వైద్యుడు రోగమును ఊహించుట కలదు. గోరు పాలిపోయి, నడుమ పల్లమై చెంచావలె వంగినచో రక్తములో ఇనుము కొఱవడియుండవచ్చును. గర్భిణులు దీనిని తేలికగా తీసికొనరాదు. తెల్లని చిన్న చుక్కలు మాత్రము పెక్కింట చిన్న దెబ్బల గురుతులే. సున్నపు కొఱతయని భయపడి మాత్రలు కొననక్కరలేదు. గోళ్ళరంగు వేసికొన్నవారు ఆసుపత్రికి పోవునపుడు తీసివేసి పోవుట మంచిది. ప్రాణవాయువును కొలుచుటకు వ్రేలికి తగిలించు పరికరము రంగు వలన తప్పు చూపవచ్చును.

పలకరాతి పనివారు ఇంటనే చేసికొనదగిన పరీక్ష ఒకటి కలదు. కుడి, ఎడమ చూపుడువ్రేళ్ళ గోళ్ళను ఒకదానికొకటి ఆనించి వెలుతురులో చూడవలెను. గోళ్ళ మొదట చిన్న వజ్రాకారపు సందు కనబడుట ఆరోగ్యలక్షణము. ఆ సందు మూసుకొనిపోయి వ్రేళ్ళ కొనలు ఉబ్బినచో, అది ఊపిరితిత్తులలోనో, గుండెలోనో దీర్ఘవ్యాధి కలదనుటకు సూచన కావచ్చును. దక్షిణాఫ్రికా వైద్యుడు షామ్రాత్ తాను గుండె వ్యాధితో బాధపడుచు తన వ్రేళ్ళయందే దీనిని గమనించి 1976లో ప్రకటించెను. రాతిదుమ్ము పీల్చువారికి క్షయవ్యాధి భయము తక్కినవారికన్న హెచ్చు. కనుక సందు చక్కగా కనబడినను, దగ్గు రెండు వారములు దాటినవారు కళ్ళె పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఆ పరీక్షయు, క్షయ అని తేలినచో మందులును ఉచితము.