మూడో భాగం ఎవరి దగ్గరన్నా ఉందా?

పోయిన దీపావళి ముందర ఇల్లు సర్దుతూ మా పెద్దోడు మూడు అట్టపెట్టెలు తెచ్చి వాకిట్లో పెట్టినాడు. "నాయనా, వీటిని గుజిరీకి వేసేద్దామా? ఈ పాటలన్నీ ఫోన్లోనే వస్తాయి కదా" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. బ్రూక్‌ఫీల్డ్‌లో మాది రెండు పడకగదుల ఇల్లు, మనుషులం ఐదుగురం. మంచం కింద, బీరువా మీద, చివరికి కోడలి కుట్టుమిషను కింద కూడా నా సీడీలే. ఆ పూట వాడికి సరైన జవాబు చెప్పలేక, పెట్టెలు ఒక్కొక్కటే మళ్లీ లోపలికి మోసుకున్నా. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నా. మన పత్రిక వచ్చే ఇళ్లలో ఇలాంటి పెట్టెలు ఇంకా ఉంటాయని నా నమ్మకం.

నేను చదివింది ఐదో తరగతి. చదవడం మాత్రం బడిలో కన్నా సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకాల్లోనే ఎక్కువ నేర్చుకున్నా. పాట ముందే నోటికి వచ్చి ఉంటుంది, అక్షరాలు దాని వెంట నడుస్తాయి. పద్దెనిమిదేళ్లకు మిల్లులో చేరినా. మొదట పదకొండేళ్లు వీవింగ్, తర్వాత వైండింగ్. మగ్గాల మధ్య నిలబడితే పక్కవాడు అరిచినా వినపడదు, పెదాలు చూసి మాట తెలుసుకోవాల. అక్కడే నేను పాడుకునేవాణ్ణి. 1980లో శంకరాభరణం వచ్చినప్పుడు షిఫ్టు మొత్తం ఆ పాటలే. బాగలేదని చెప్పినవాడు ఒక్కడూ లేడు, ఎవరికి వినపడితే కదా!

ఆ మోత ఏం చేసిందో తర్వాత తెలిసింది. 85 డెసిబెల్స్ దాటిన చప్పుడులో రోజూ ఎనిమిది గంటలు ఉంటే, ఏళ్లు గడిచేకొద్దీ చెవి దెబ్బతింటుందని డాక్టరమ్మ చెప్పింది. మగ్గాల షెడ్డులో చప్పుడు దానికన్నా ఎక్కువే. మేము చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం, దూదికేం కరువా మనకు! అది పెద్దగా ఆపదంట. ముందు పోయేది సన్నని శబ్దాలు. నాకిప్పుడు పిచ్చుక అరుపు, వయోలిన్ పై స్థాయి రెండూ సరిగా అందవు. చెవి మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి, పాట మాత్రం రేకు డబ్బాలోనుంచి వచ్చినట్టు ఉంటుంది.

అయితే ఒక విచిత్రం ఉంది. బాగా తెలిసిన పాటైతే, వినపడని చోట నా బుర్రే పూడ్చుకుంటుంది, తెగిన పోగును అతికినట్టు. కానీ అందుకు వందసార్లు విన్న ఆ రికార్డే కావాల. ఆ గొంతే, ఆ ఊపిరే, ఆ చోటే వయోలిన్. ఫోన్లో పాట పేరు చెప్తే ఇంకెవరో పాడింది వస్తుంది, లేకుంటే డప్పులు కలిపి కొత్తగా చేసింది వస్తుంది. అది బాగుండొచ్చు, నాకు మాత్రం పట్టు దొరకదు. సీడీ పెడితే నిన్న విన్నదే ఈరోజూ వస్తుంది. చెవి ఇంకా తగ్గకముందే ఏరుకోవాలని నా తొందర.

ఘంటసాల గారి భగవద్గీతే తీసుకోండి. ఆయన 1974 ఫిబ్రవరిలో పోయినారు, ఆ రికార్డు తర్వాతనే బయటికొచ్చింది. ఇప్పుడు మన ఊళ్లలో మైకులో ఆ గొంతు వినపడితే, ఎవరు పోయినారో అని జనం బయటికొచ్చి చూస్తారు. నేను పొద్దున కాఫీతోనే పెడతా. కొత్తలో కోడలు హడలిపోయింది. శ్లోకం, తాత్పర్యం, మళ్లీ శ్లోకం, అట్లా వరసగా పోతుంది. ఫోన్లో అయితే అర్జునుడు విల్లు కింద పెట్టేలోపల సబ్బు ప్రకటన వస్తుంది.

అన్నిట్లోకీ నాకు ప్రాణం బాలాజీ పంచరత్నమాల. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి చేత పాడించిన ఐదు రికార్డుల సెట్టు అది. అప్పుడు దేవస్థానం ఈవోగా ఉన్న పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు పూనుకుంటే అయింది. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద వందల ఏళ్లు తిరుమలలో పడి ఉన్నాయి. పాట దొరికింది గానీ చాలావాటికి బాణీ దొరకలేదు. నేదునూరి కృష్ణమూర్తి గారి లాంటి విద్వాంసులు కొత్తగా బాణీలు కట్టినారు. "నానాటి బతుకు" అట్లా వచ్చిందే. ఇదంతా నాకు చిన్నప్పుడు తెలుసా? అట్ట మీద పేర్లు చదివి, ఈయనెవరు, ఆయనెవరు అని అడుగుతూ పోతే తెలిసింది. రాగం పేరు పక్కనే రాసి ఉంటుంది. మా మనవరాలు అది చదువుతుంది, నేను పాట వింటూ "రేవతి" అంటా. ఒక్కోసారి తప్పు చెప్తా. అది పగలబడి నవ్వుతుంది.

వైండింగ్‌లో చేసినవాళ్లకు సీడీ గురించి ఒక ముచ్చట చెప్పాల. కోను సన్నగా ఉన్నప్పుడు గిరగిరా తిరుగుతుంది, దారం చుట్టుకొని లావయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది, దారం వేగం మాత్రం ఒకటే కదా? సీడీ కూడా అంతే. పాట లోపలి అంచున మొదలై బయటికి పోతుంది. మొదట్లో నిమిషానికి 500 చుట్లు, చివరికొచ్చేసరికి 200. నాకు ఇది తెలిసిన రోజు మా వైండింగ్ జాబరు ఉంటే బాగుండు అనుకున్నా. పాత రికార్డుకు ఈ తెలివి లేదు, మొదటినుంచి చివరిదాకా ఒకటే తిరుగుడు.

ఏరుకోవడమంటే తిరగడమే. పెద్ద పాటల అంగళ్లు మూతపడినాయి. బొంబాయిలో పేరున్న రిథమ్ హౌస్ కూడా 2016లో మూసేసినారు. ఇప్పుడు మిగిలింది పాత సామాన్ల బజార్లు. 2023 అక్టోబరులో పర్పుల్ లైను మొత్తం కలిసినాక నా పని సులువైంది. ఆదివారం కుందలహళ్లిలో ఎక్కితే మెజెస్టిక్, అక్కడ గ్రీన్ లైను మారితే తర్వాతి స్టేషనే చిక్‌పేట. బీవీకే అయ్యంగార్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద గోనెపట్టా పరిచి, తాళాలు, చార్జర్లు, పాత చెప్పుల మధ్య సీడీలు పోసి ఉంటారు. మూడొంతులు ఎంపీత్రీలు. ఒక్క దానిలో నూరు పాటలుంటాయి గానీ పాడినవాళ్ల పేరు ఉండదు, అవి నేను ముట్టను. అసలు ఆడియో సీడీలో గంటా పావుకు మించి పట్టదు, అందుకే అది సెట్టుగా వస్తుంది.

కొనేముందు బొమ్మ ఉండే వైపు చూడండి. చాలామంది మెరిసే వైపే చూస్తారు. పాటను పట్టుకునే పొర బొమ్మ కిందనే పలచగా ఉంటుంది, అక్కడ గీత పడితే ఇక లేవదు. మెరిసే వైపు చిన్న గీతలైతే పాడుతుంది. తుడిచేటప్పుడు నడుమనుంచి అంచుకు నిలువుగా తుడవాల, గుండ్రంగా కాదు. ప్లేయరు ఆగి ఆగి పాడుతుంటే పారేయొద్దు. నాది రెండుసార్లు ఎస్.పి. రోడ్డులో లెన్సు తుడిపిస్తే బాగైంది.

పంచరత్నమాలలో నాకు నాలుగు భాగాలు విడివిడిగా దొరికినాయి. ఒకటి మెజెస్టిక్‌లో, రెండు ఆదివారం బజారులో. ఒకటి మిల్లులో నా పక్క మగ్గం మీద చేసిన స్నేహితుడిది. ఆయన పోయినాక వాళ్ల ఇంటామె పిలిచి ఇచ్చింది. డబ్బా లోపల ఆయన చేతిరాతతో నేను బాకీ పడిన పన్నెండు రూపాయల లెక్క ఉంది. దాన్ని అట్లాగే ఉంచినా.

మూడో భాగం దొరకలేదు. ఎవరింట్లో అటక మీద ఉన్నా, గుజిరీకి వేసే ముందు పత్రిక ఆఫీసులో ఒక మాట చెప్పండి. నా దగ్గర ఒకటో భాగం ఇంకోటి ఉంది, ఘంటసాల పద్యాలు కూడా రెండు ఉన్నాయి, మార్చుకుందాం. ఇవ్వడం ఇష్టం లేకుంటే మీ ఇంటికొచ్చి ఒకసారి విని పోతా. ఆదివారం తప్ప ఏ రోజైనా సరే, ఆదివారం నేను బజారులో ఉంటా.