వార్తల్లో పదం: ఆటోయాంటీబాడీ

2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని చెప్పాక, ఈ కండరాల వాపు జబ్బు పేరు తెలుగు ఇళ్లలోనూ వినబడింది. దాని వెనకున్న ఇంకో మాట ఆటోయాంటీబాడీ.

క్రిములతో పోరాడాల్సిన యాంటీబాడీ దారితప్పి మన కణాల్లోని ప్రొటీన్లకే అంటుకుంటే అది ఆటోయాంటీబాడీ. రక్తపరీక్షలో ఏ రకం కనబడిందో చూసి, జబ్బు ఎటు పోవచ్చో డాక్టర్లు అంచనా వేస్తారు.

1980లో గుర్తించిన జో-1 రకాన్నే చూడండి. ఒక రోగి పేరు నుంచే దానికా పేరొచ్చింది. ఇది ఉన్నవారికి పీట మీంచి లేవడం, చేతులెత్తి జడ వేసుకోవడం కష్టమవుతాయి. అంతటితో ఆగదు. జ్వరం, కీళ్లనొప్పులు, ఊపిరితిత్తుల్లో మచ్చకట్టడం కూడా ఉండొచ్చు. చూపుడువేలి పక్కన చర్మం గరుకెక్కి, పగుళ్లుబారి మెకానిక్ చేతిలా తయారవ్వొచ్చు. ఆయాసమే ముందొస్తే, కండరాల జబ్బన్న సంగతి ఎవరికీ తట్టక నెలలు గడిచిపోవచ్చు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

ఎండీఏ-5 రకం ఇంకా ప్రమాదకరం. కండరాలు దాదాపు బాగానే ఉన్నా, ఊపిరితిత్తులు వారాల్లోనే దెబ్బతినొచ్చు. పెద్దవాళ్లలో టిఫ్-1 గామా కనబడితే ఎక్కడైనా క్యాన్సర్ దాగుందేమో వెతకాలి. ఎంఐ-2 రకంలో దద్దుర్లు కొట్టొచ్చినట్టు కనబడినా, జబ్బు సాధారణంగా మందులకు లొంగుతుంది. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడేవారిలో బహు అరుదుగా హెచ్ఎంజీసీఆర్ రకం పుడుతుంది. మాత్ర ఆపినా నీరసం తగ్గదు. అలాగని భయపడి ఎవరికి వారే మాత్రలు మానేయొద్దు.

కొందరి రక్తంలో ఇవేవీ దొరకవు. అయినా మయోసైటిస్ ఉండొచ్చు.